ఐడీ ఎందుకు కొట్టేశావని అడిగితే

నాకు సైబర్ డెస్కు ఇచ్చింది తెలివి చూసి కాదు, మోకాళ్లు చూసి. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లుగా పోలీసు ఉద్యోగంలో ఉన్నాను. జాతర్లు, ధర్నాలు, ఎన్నికలు, మంత్రుల పర్యటనలు, అన్నింటికీ రోడ్డు పక్కన నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి. ఇక బందోబస్తుకు పనికిరానని తేల్చుకుని, ఒక కంప్యూటరు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. దాన్ని ఆన్ చేయడం, మళ్లీ ఆఫ్ చేయడం నేర్చుకోవడానికే వారం పట్టింది. రిటైరయ్యే దాకా నాలుగేళ్లు అక్కడే ఉన్నాను.

ఇప్పుడు బాన్సువాడలో ఇంటి పట్టున ఉంటున్నాను. కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడు వచ్చి, "యాదమ్మ మేడం, సైబర్ డెస్కుల ఏం చేయాలె?" అని అడుగుతుంటారు. ఏ ఫారం ఎలా నింపాలో, ఏ బటన్ ఎక్కడ నొక్కాలో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. అందుకని అవేవీ రాయను. నేను పనిచేసిన స్టేషన్ పేరు కూడా రాయను. మనుషుల పేర్లు మార్చాను. నా తప్పును మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను.

అందరినీ అడిగిన మాట

బ్యాంకు మోసాల గురించి అందరూ మాట్లాడతారు. నేను ఆటల్లో ఐడీలు కొట్టేసే వాళ్ల గురించి చెబుతాను, ఎందుకంటే మన వాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోరు.

తెలియని వాళ్ల కోసం ఒక ముక్క. ఫోన్లలో తుపాకులతో కాల్చుకునే ఆట ఆడతారు కదా, అందులో ఆడే ప్రతి ఒక్కరికీ ఒక ఖాతా ఉంటుంది. దాన్నే ఐడీ అంటారు. ఏళ్ల తరబడి ఆడితే ఆ ఐడీకి ర్యాంకు పెరుగుతుంది, అరుదైన వేషాలు, తుపాకులు చేరతాయి, కలిసి ఆడే స్నేహితులు పోగవుతారు. పాస్‌వర్డు ఎవరి చేతిలో ఉంటే ఐడీ వాళ్లది. ఎవడైనా దాన్ని పట్టేసి లోపలి ఫోన్ నంబరు మార్చేశాడంటే అసలు మనిషి బయట పడతాడు. మళ్లీ లోపలికి దారి ఉండదు.

ఇలాంటి వాళ్లు దొరికినప్పుడల్లా కాగితాల పని పక్కన పెట్టి ముందు ఒకటే అడిగేదాన్ని: ఎందుకు చేశావ్? డబ్బు కోసం అనే జవాబు వస్తుందనుకుంటారు మీరు. కొందరు అదే చెప్పారు. పాలిటెక్నిక్ మధ్యలో మానేసిన ఒకడు, తను ఎన్నడూ చూడని ఎవరికో ఐడీలు పంపేవాడు, వాళ్లు వీడికి కూలి ఇచ్చేవారు. వీడికి అది పత్తి ఏరడం లాంటి పని, అంతే. ఇంకొకడు తమాషా అన్నాడు. వాడిని చూస్తే నాకు ఒళ్లు మండింది. బట్టల దుకాణంలో పనిచేసే ముప్పై ఏళ్ల మనిషి ఒకతను మాత్రం తల వంచుకుని చెప్పాడు: "ఆ ఐడీ వేసుకొని దిగితే అందరు సలాం కొడతరు మేడం. దుకాణంల మా సేటు నన్ను పేరు పెట్టి గూడ పిలువడు. ఓయ్ అంటడు."

ఈ జవాబులన్నీ నిజమే. కానీ వీళ్లలో చాలామంది మాటలు కొంచెం తవ్వితే కింద ఒకే సంగతి బయటపడేది. ముందు వాళ్ల ఐడీనే ఎవడో కొట్టేశాడు. దాన్ని నేను చాలాకాలం సాకు కిందే జమకట్టాను. అది సాకు కాదని నాకు నేర్పింది మద్నూర్ అబ్బాయి ఒకడు.

ఖాళీ టేబుల్

అతని సంగతి చెప్పే ముందు మా పెద్దసారు గురించి చెప్పాలి. నేను సైబర్ డెస్కులో కూర్చున్న తొలి రోజుల్లో ఆయన మా పైఅధికారి. మంచి మనిషే, తిట్టేవాడు కాదు. కానీ ఆయనకు టేబుల్ మీద కాగితం కనిపించకూడదు. తేలని పిటీషన్లు ఎక్కువైతే పైనుంచి ఫోన్లు వస్తాయి. అందుకని ఆయన మాకు నేర్పిన విద్య, పిటీషన్ రాయకుండానే మనిషిని సంతోషంగా బయటికి పంపడం. కుర్చీ వేయాలి, మంచినీళ్లు ఇవ్వాలి, రెండు నీతులు చెప్పాలి, చేతులు దులుపుకోవాలి.

ఈ విద్యలో నేను ఆరితేరాను. మా స్టేషన్‌లో నా టేబుల్ అద్దంలా ఉండేది. మెచ్చుకుని ఒకసారి శాలువా కూడా కప్పారు. ఆ శాలువాతో దిగిన ఫోటో చాలాకాలం మా ఇంటి గోడకు ఉండేది. ఈ మధ్యే తీసేశాను.

చివాట్లు పెట్టమని వచ్చిన తండ్రి

నా రిటైర్మెంటుకు ఇక కొద్ది నెలలే ఉన్నప్పుడు వెంకటేశ్వరరావు గారని ఒక రైతు, కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. కూతురు కీర్తి, డిగ్రీ రెండో సంవత్సరం.

"ఏదో ఆటంటండీ, అందులో ఏదో పోయిందంట. మూడు రోజుల నుంచి సరిగ్గా తినట్లేదు. మీరైనా నాలుగు చివాట్లు పెట్టండి మేడం గారూ," అన్నారాయన.

నేను చివాట్లకు సిద్ధమై గొంతు సవరించుకున్నాను కూడా. ఈలోగా ఆ అమ్మాయి అంది: "ఐడీ పోతే పోయిందండి. నా పేరుతో మా ఫ్రెండ్స్‌ని మోసం చేస్తున్నాడు. నేనే చేశాననుకుంటున్నారు వాళ్లు. అది ఆపండి చాలు."

ఆ మాటకు నేను కాగితం తీశాను. కీర్తితో కలిసి రోజూ ఆడే అమ్మాయిలు ముగ్గురు, మూడు వేరే ఊళ్ల వాళ్లు. ఒకరినొకరు చూసుకున్నది లేదు గానీ ఇంటర్ నుంచీ స్నేహం. దొంగ కీర్తి ఐడీలోకి దూరి, కీర్తిలాగే మెసేజ్‌లు రాసి, వాళ్లలో శ్వేత అనే అమ్మాయి పాస్‌వర్డు కూడా తీసుకుని ఆ ఐడీని అమ్మేశాడు. శ్వేత ఫోన్ చేసి కీర్తిని నానా మాటలూ అని, ఇక నాతో మాట్లాడకు అందట.

"నీ పాస్‌వర్డు వానికెట్ల దొరికింది?" అని అడిగాను.

"నేనే ఇచ్చానండి."

వాళ్ల నాన్న నుదురు కొట్టుకున్నారు.

సంగతేమిటంటే, కొన్నాళ్లు ఆడకపోతే ర్యాంకు పడిపోతుంది. అందుకని పరీక్షలప్పుడు పిల్లలు తమ ఐడీని జట్టులో బాగా ఆడే సీనియరుకు అప్పజెప్పి, ర్యాంకు నిలబెట్టమంటారు. ఊరికి పోతూ పక్కింటి వాళ్లకు బర్రెను అప్పజెప్పినట్టు. ఇవ్వకపోతే నమ్మకం లేదా అని అలుగుతారట కూడా. కీర్తి కూడా జట్టులో అన్నా అని పిలిచే ఒకతనికి రెండు వారాలకని ఇచ్చింది. పరీక్షలయ్యేసరికి అన్న తాళం మార్చేశాడు.

అన్న అసలు పేరు తెలియదు, ఊరు తెలియదు. కీర్తి దగ్గర ఉన్నది ఒక మెయిలు మాత్రమే. మీ ఐడీకి కొత్త ఫోన్ నంబరు చేర్చాం అని వచ్చిన మెయిలు. నంబరంతా చుక్కలు, చివర నలభై ఏడు కనిపిస్తోంది. ఆట కంపెనీకి రాశాం, జవాబు లేదు.

"మాట్లాడేటప్పుడు వెనుక ఏమన్నా వినపడేదా?" అని అడిగాను. బందోబస్తులో వైర్‌లెస్ సెట్లు విని విని వచ్చిన అలవాటు అది.

కీర్తి కాసేపు ఆలోచించింది. "లారీ హారన్లు ఎప్పుడూ వినిపించేవండి. ఒకావిడ మరాఠీలో అరిచేవారు. సంత్యా, దోన్ కటింగ్ దే రే అని. మేమంతా దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం."

దోన్ కటింగ్ దే అంటే రెండు సగం గ్లాసుల టీ ఇవ్వమని. మరాఠీ పిలుపు, లారీలు, టీ. మా వైపు పోలీసులకు ఇంతకన్నా చిరునామా అక్కర్లేదు.

మద్నూర్ దారిలో

వీక్లీ ఆఫ్ రోజు మామూలు చీర కట్టుకుని, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్‌కు బస్సెక్కాను. హైవే పక్కన టీ హోటళ్లు వరసగా ఉంటాయి. మొదటి దాంట్లో టీ తాగాను, లాభం లేదు. రెండో దాంట్లో కూర్చున్నానో లేదో పొయ్యి దగ్గర నుంచి ఒకావిడ కేక వేసింది: "సంత్యా, దోన్ కటింగ్ దే రే."

ఇరవై రెండేళ్ల అబ్బాయి టీ తెచ్చి పెట్టాడు. గోడ మీద డబ్బులు వేయడానికి ఫోన్ నంబరు రాసి ఉంది. చివర నలభై ఏడు.

నాకు లోపల ఎంత హుషారొచ్చిందో చెప్పలేను. కంప్యూటరు రాని యాదమ్మ చెవులతో దొంగను పట్టింది అనుకున్నాను. ఆ హుషారు టీ తాగేంత సేపు కూడా నిలవలేదు. ఆవిడ పేరు కమలాబాయి, అబ్బాయి తల్లి. బిస్కెట్ల సీసా మూత తీస్తూ నాతో కబుర్లలో పడింది.

"ఎవలింటికి పోతున్నవ్ అక్కా? గిప్పుడు చాయ్ తెచ్చిండు చూడు, మా పోరడు సంతోష్. పోలీసు అయితుండు. పరుగుల పాసైండు, పరీక్షల పాసైండు. ఇగ కాయితాలు చూసుడు ఒక్కటే మిగిలింది. వానిని ఒక్కపారి గా బట్టలల్ల చూస్తే ఇగ నాకు ఏ ఫికర్ లేదు."

పోలీసు ఉద్యోగానికి ఎంపికైన వాళ్ల మీద చేరే ముందు విచారణ ఉంటుంది. ఒక్క కేసు ఉంటే చాలు, చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. ఆ కేసు కట్టడానికే నేను వచ్చాను.

అబ్బాయిని లారీల వెనక్కి పిలిచి గుర్తింపు కార్డు చూపించాను. ముఖం పాలిపోయింది గానీ పరుగెత్తలేదు.

"కీర్తి అనే పిల్ల ఐడీ నీ దగ్గరున్నదా?"

"ఉన్నది మేడం."

"ఎందుకు చేసినవ్?"

అతను నా వైపు చూశాడు. "మీరు నన్ను గుర్తు పట్టలే గద మేడం."

"నిన్నెక్కడ చూసిన నేను?"

"మీ టేషన్ల. డిగ్రీ చదివేటప్పుడు మీ దగ్గరికి వచ్చిన. నా ఐడీ గిట్లనే పోయింది. పరీక్షలున్నయని ఒకనికి ఇచ్చిన, వాడు వాపస్ ఇయ్యలే. ఆరేండ్లు ఆడిన ఐడీ. మీరు కుర్చీ వేసిండ్రు, నీళ్లు ఇచ్చిండ్రు. రాసుకోలే. ఆటల పోయింది ఆటల్నే దేవులాడుకో పిలగా, గిది దొంగతనం గాదు, గీనికి కేసు ఉండది అన్నరు. పక్కన సార్లు గూడ నవ్విండ్రు."

అతనే మళ్లీ అన్నాడు.

"ఇగ పోలీసులే దొంగతనం గాదన్నంక నేను తీసినా దొంగతనం గాదు గద అనుకున్న. మొదలు కోపంతోని తీసిన. అబద్ధం చెప్ప మేడం, ఇంకొకల ఐడీతోని ఆడుతుంటే నాది నాకు వచ్చినట్టే అనిపించింది. మొన్న పోలీసు నౌకరీ కాయితాలు తయారు చేసుకుంట చట్టం పుస్తకం తిరగేస్తే అండ్ల ఉన్నది, ఇది నేరమని, ఏ సెక్షనో గూడ. అప్పటికే మూడు తీసిన. వాపస్ ఇస్తే దొరుకుతనని భయమైంది."

నిజం రాస్తున్నాను, ఆ అబ్బాయి నాకు గుర్తు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఆ మాట మాత్రం నాదే. అందులో ఒక్క అక్షరం కూడా అతను కల్పించింది కాదు. ఎంతమందిని అదే మాట అని పంపానో లెక్క లేదు కాబట్టే అతని ముఖం గుర్తు లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎస్సై గారు పెట్టిన షరతు

అప్పటికి మా పెద్దసారు బదిలీ అయి వెళ్లిపోయారు. ఎస్సై ప్రవీణ్, నా పెద్ద కొడుకు వయసు వాడు. సంగతంతా విని, "దొంగ దొరికిండు, ఒప్పుకున్నడు. కేసు కడదాం మేడం, ఇంకేం ఆలోచన?" అన్నాడు.

"సార్, వాడు ముందు మన దగ్గరికే ఫిర్యాదుకు వచ్చిండు. నేనే వాపస్ పంపిన."

"గది ఎవరికి తెలుసు?"

"వానికి తెలుసు. నాకు తెలుసు."

"ఇంకెన్ని రోజులున్నది మీ సర్వీసు? గీ లొల్లి మీకెందుకు మేడం?"

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. చివరికి అన్నాడు: "పోయింది ఆ అమ్మాయిది. ఆమెను పిలిపించండి. కేసు కట్టమంటే కడత. కానీ అడిగే ముందర అన్నీ చెప్పాలె. వాని ఉద్యోగం సంగతి చెప్పాలె, మీరు పంపించిన సంగతి గూడ చెప్పాలె. సగం చెప్పి అడగొద్దు."

నా సర్వీసులో పైఅధికారులు నాకు చాలా నేర్పారు. వాటిలో సగం మరిచిపోవాల్సినవే. నాకన్నా ముప్పై ఏళ్లు చిన్నవాడు చెప్పిన ఈ చివరి మాట ఒక్కటి మాత్రం మీరు పట్టుకోండి.

చట్టం తెలిసిన వాళ్లు ఇక్కడ నన్ను ఆపుతారు. ఇలాంటి నేరానికి కేసు కట్టాల్సిందే, బాధితురాలిని అడగడమేమిటి అంటారు. నిజమే. మేము చేసింది పద్ధతి ప్రకారం కాదు. దాన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు, దాచడమూ లేదు.

మూడు ఫోన్లు

మర్నాడు పొద్దున పదకొండింటికి కీర్తి, వాళ్ల నాన్న, సంతోష్, నేను ఒకే గదిలో కూర్చున్నాం. ఎస్సై గారు తలుపు దగ్గర నిలబడ్డారు. నేను మొత్తం చెప్పాను. ఆ రోజు నేనన్న మాట కూడా దాచకుండా చెప్పాను.

కీర్తికి కోపం వచ్చింది. అతని మీద కాదు, నా మీద. "ఆ రోజు మీరు రాసుకుని ఉంటే నా దాకా వచ్చేది కాదు కదండీ?"

"రాకపోవునేమో అమ్మా," అన్నాను.

"మేడం గారితో అలా మాట్లాడకూడదమ్మా," అన్నారు వెంకటేశ్వరరావు గారు. కూతురి పేరు కోర్టు కాగితాల్లోకి ఎక్కుతుందేమోనని ఆయన బెంగ.

"ఉండు నాన్నా," అని కీర్తి సంతోష్ వైపు తిరిగింది. "ముందు మా వాళ్లకి ఫోన్ చెయ్యి. నీ గొంతుతో చెప్పు, నేను కాదని."

స్పీకర్ ఆన్ చేసి ముగ్గురికీ ఫోన్ చేశాం. చేసింది నేనే, కీర్తి కాదు, నాది తప్పు, అని ముగ్గురికీ చెప్పాడు. మొదటి అమ్మాయి ఏడ్చింది. రెండో అమ్మాయి కీర్తికి సారీ చెప్పింది. శ్వేత మాత్రం, "సారీ నాకొద్దు. నా ఐడీ కావాలె," అని పెట్టేసింది. ఆ ఐడీ ఎన్ని చేతులు మారిందో, ఇక దొరకలేదు. ఆ అమ్మాయికి మేము ఏమీ చేయలేకపోయాం. ఆమె అతన్ని ఇప్పటికీ క్షమించలేదు, క్షమించాల్సిన పనీ లేదు.

కానీ పెట్టేసిన పది నిమిషాలకు కీర్తికి ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. అందులో ఏముందో నేను అడగలేదు. చదివి ఆ అమ్మాయి చున్నీతో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వాళ్ల నాన్న వీపు నిమురుతూ, "ఇంత ఉందా తల్లీ దీంట్లో? నేనేదో ఆటనుకున్నాను," అన్నారు.

ముఖం తుడుచుకున్నాక కీర్తి నిర్ణయం చెప్పింది. "కేసు వద్దండి. కానీ ఈయన పోలీసయ్యాక నాలాంటి వాళ్లు వస్తే ఏం చేస్తాడో చెప్పమనండి."

సంతోష్ లేచి నిలబడ్డాడు. "చెప్పింది చెప్పినట్టు రాసుకుంట," అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు.

కీర్తి ఐడీ అక్కడికక్కడే ఆమె చేతికి వచ్చేసింది, ఇక మిగిలింది మూడో ఐడీ. దాని యజమాని నస్రుల్లాబాద్ వైపు వరికోత మిషన్ నడిపే గంగారాం. అతన్ని వెతుక్కుంటూ పొలం గట్టు దాకా వెళ్లాను. మిషన్ ఆపి, విషయం విని, తల గోక్కున్నాడు. "వాపస్ ఇయ్యకుండ్రి మేడం, దండం పెడత. గది పోయిన కాడికెల్లి పొద్దుగాల టైముకు లేస్తున్న. మా అవ్వ దేవునికి కొబ్బరికాయ గూడ కొట్టింది." అయినా సంతోష్ చేత పాస్‌వర్డు రాయించి ఇచ్చి వచ్చాను. వాడుకుంటాడో లేదో అతని ఇష్టం, వాళ్ల అవ్వ అదృష్టం.

విచారణ

కేసు లేదు కాబట్టి గండం గడిచిందని మీరు అనుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు. సంతోష్ గురించి విచారణ అధికారి ఎప్పుడైనా మా సైబర్ డెస్కుకు ఫోన్ చేసి, ఇతని మీద ఏమైనా ఉందా అని అడుగుతారు. కేసు లేదు సార్ అంటే అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఉంది అంటే కమలాబాయి కొడుకు బతుకు నా నోటితో పోతుంది. నా నోటితో ఒకసారి చెడగొట్టిన బతుకే అది. ఆ తర్వాత రెండు వారాలు ఫోన్ మోగితే, ఎవరి నంబరో రెండుసార్లు చూశాకే ఎత్తేదాన్ని. మా ఇంట్లో వాళ్లు రిటైర్మెంటు దిగులనుకున్నారు.

ఫోన్ వచ్చింది. భోజనాల వేళ. విచారణ అధికారి నెమ్మదస్తుడు. "సంతోష్ అనే అభ్యర్థి గురించి," అని మొదలుపెట్టారు. చెప్పేయాలని నేను అప్పటికే నిశ్చయించుకున్నాను. "సార్, ఒక సంగతి ఉన్నది," అన్నాను.

"తెలుసమ్మా. అతనే రాసిచ్చాడు. ఫారంలో అడగని సంగతి, వేరే కాగితం మీద ఒకటిన్నర పేజీ రాసి జతచేశాడు. ముగ్గురి ఐడీలు తీశాను, రెండు తిరిగి ఇచ్చాను, ఒకటి ఇవ్వలేకపోయాను అని. మీరు పట్టుకున్నారని కూడా రాశాడు. నిజమేనా అని అడగడానికి చేశాను."

"నిజమే సార్," అన్నాను. తర్వాత అడిగాను: "అతను ముందు మా దగ్గరికి ఫిర్యాదుకు వచ్చిన సంగతి రాసిండా సార్?"

కాగితం తిప్పిన చప్పుడు. "లేదమ్మా. అలాంటిదేమీ లేదు ఇందులో."

నన్ను వదిలేశాడు. తన తప్పంతా తన మీదే వేసుకుని, తనకు పనికొచ్చే ఆ ఒక్క ముక్క రాయలేదు.

"సార్, ఆ కాగితంల ఒక ముక్క తక్కువున్నది. నేను రాసి పంపుత," అన్నాను.

మధ్యాహ్నం కూర్చుని రాశాను. తన ఐడీ పోయిందని ఇతను మొదటిసారి వచ్చినప్పుడు ఫిర్యాదు రాసుకోకుండా పంపింది నేను. ఇది దొంగతనం కాదని ఇతనికి చెప్పింది నేను. సంతకం చేసి ఎస్సై గారికి ఇచ్చాను. ఆయన చదివి, మారు మాట లేకుండా పైకి పంపారు.

సంజాయిషీ చెప్పమని నాకు మెమో వచ్చింది. రిటైరయ్యే నెలలో మెమో అందుకున్న మనిషిని మా స్టేషన్‌లో నేనొక్కదాన్నే అయి ఉంటాను. సంజాయిషీ ఇచ్చాను, మందలించి వదిలారు. సంతోష్‌ను పై అధికారులు రెండుసార్లు పిలిపించి మాట్లాడారు. నిర్ణయం తెలియకుండానే నా సర్వీసు అయిపోయింది.

దొంగతనం చేసినవాడికి పోలీసు ఉద్యోగమా అని నాతో పనిచేసిన వాళ్లే అంటారు. వాళ్ల మాట కొట్టిపారేయను. ఆ తీర్పు నా చేతుల్లో లేకపోవడమే మేలైంది. నా చేతుల్లో ఉన్నది నా ముక్క రాయడం, అది రాశాను. మీకు నేను చెప్పేదీ ఇంతే. ఎవరైనా వచ్చి ఆటలో ఏదో పోయిందంటే నవ్వకండి. రాసుకోండి. వస్తువు దొరకకపోవచ్చు, చాలాసార్లు దొరకదు కూడా. కానీ పోయింది నిజంగానే పోయిందని ఒక పోలీసు ఒప్పుకుంటే, ఆ మనిషి దాన్ని ఇంకొకరి దగ్గర లాక్కోవాలనుకోడు. అందరి సంగతీ నేను చెప్పలేను. నాకు దొరికిన వాళ్లలో చాలామంది సంగతి ఇదే.

రిటైరైన రెండు నెలలకు కమలాబాయి ఫోన్ చేసింది. వెనుక లారీ హారన్లు.

"మేడం, మా సంత్యాను తీసుకున్నరు. పొద్దుగాల్నే ట్రైనింగుకు బస్సెక్కిండు. పోయే ముందర వాడు నాకు అంత చెప్పిండు, ఏం చేసిండో, ఎట్ల దొరికిండో. రెండు దెబ్బలు గూడ కొట్టిన." ఎవరికో టీ ఇవ్వమని కేకేసి, మళ్లీ నాతో అంది: "వాడు మొదలు మీ దగ్గరికి వస్తే మీరు వాపస్ పంపిండ్రంట."

"పంపిన కమలమ్మా," అన్నాను.

"రెండోపారి మీరే వచ్చిండ్రు గద," అంది.

ఫోన్ పెట్టేసి చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. ఇంట్లో వాళ్లు భోజనానికి పిలిచారు. వెళ్లి, ఎన్నాళ్లకో, మారు అన్నం అడిగి పెట్టించుకుని తిన్నాను.